పాత పికప్‌ల అడుగు కడిగే చోటు కావాలి

సంపాదకుడు గారికి,

పాత డీజిల్ బండ్లను తుక్కు కింద వేసెయ్యాలన్న మాట ఈ మధ్య తరచూ వినబడుతోంది. పొగ కక్కే బండి, బ్రేకు పడని బండి రోడ్డెక్కకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ భీమవరం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల రొయ్యలు, చేపలు మోసే పికప్‌లు ఇంజను అరిగిపోయి మూలన పడటం తక్కువ. ఇంజను బాగానే ఉంటుంది, కింద ఛాసిస్, అంటే బండిని మోసే ఇనుప చట్రం, కుళ్లిపోతుంది. కుటుంబానికి ఇరవై ఏళ్లు అన్నం పెట్టగల బండి సగం వయసులోనే పోతోంది.

కారణం ట్రేల నుంచి కారే నీళ్లు. కరిగిన ఐసు చెరువు ఉప్పుతో కలిసి పలకల సందుల్లోంచి దిగుతుంది. వెనక కమాన్ (ఇనుప పట్టీల స్ప్రింగు) బ్రాకెట్ల దగ్గర, ఛాసిస్ అడ్డ కమ్మీల లోపల, బ్రేకు పైపుల క్లిప్పుల కింద నిలుస్తుంది. లోడు దించిన రోజే అడుగుభాగాన్ని మంచినీళ్లతో పది నిమిషాలు కడిగితే సగం జబ్బు పోతుంది. బోరు నీళ్లు వద్దు. ఈ ప్రాంతంలో చాలాచోట్ల అవీ ఉప్పే, కాలువ నీళ్లు వాడాలి. ఛాసిస్‌కు ఉన్న నీళ్లు దిగే రంధ్రాలు బురదతో మూసుకుపోతే తీగతో పొడిచి తెరవాలి.

ఏడాదికోసారి చిన్న సుత్తితో ఛాసిస్ పొడుగునా తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్లినది డబ్‌మంటుంది. తుప్పును వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, పూర్తిగా ఆరాక రెడాక్సైడ్ (తుప్పు ఆపే ఎర్ర ప్రైమర్) రెండు కోటింగులు, దానిపై రంగు వెయ్యాలి. తడి తుప్పు మీద దట్టంగా నల్ల కోటింగు కొడితే తేమ లోపలే ఉండి ఇనుమును తింటుంది. వాడేసిన ఇంజనాయిల్ పిచికారీ చేసే అలవాటు మానాలి. అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది, బ్రేకు డ్రమ్ములో పడితే బ్రేకే పట్టదు. కుళ్లిన చోట ఇనుప ప్లేటు అతికే ప్యాచ్ వెల్డింగ్ తప్పనిసరైతే ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, డీజిల్, బ్రేకు పైపులు పక్కకు తప్పించాలి. ప్లేటు చివరలను నిలువుగా కాక ఏటవాలుగా కోయించాలి. నిలువు అతుకు పక్కనే ఛాసిస్ మళ్లీ చిట్లుతుంది.

రెండో శత్రువు అదనపు కమాన్ పట్టీ. ఎక్కువ ట్రేలు ఎక్కించడానికి ఒకటో రెండో పట్టీలు వేయిస్తారు. బండి వెనకభాగం పైకి లేస్తుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్‌కూ (చక్రాల ఇరుసుకూ) ఛాసిస్‌కూ మధ్య కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఒకటుంటుంది. బండి ఎంత కిందికి దిగిందన్నదాన్ని బట్టే అది లోడును గుర్తిస్తుంది. వెనక ఎత్తు పెరిగితే బండి ఖాళీగా ఉందనుకుని వెనక చక్రాలకు బ్రేకు ప్రెషర్ తగ్గిస్తుంది. అంటే లోడు నిండుగా ఉన్నప్పుడే వెనక బ్రేకు బలహీనమవుతుంది! కమాన్ కట్టలు విప్పినప్పుడు వాటిని యాక్సిల్‌కు బిగించే పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు. కొత్తవి వేశాక, లోడుతో కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగించాలి. వదులైతే పట్టీలను నడుమ కలిపే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరుగుతుంది, బండి పక్కకు నడుస్తుంది.

బ్రేకు ఆయిల్ కూడా నీటికి లోబడేదే. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం తేమ చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చి బ్రేకు పైపుల్లోని గాలి తీయించాలి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే ట్యూబుల్లో సున్నపు పొర కడుతుంది, ఫ్లైఓవర్ ఎక్కగానే టెంపరేచర్ ముల్లు లేస్తుంది. చివరికి ఇంజను హెడ్ కింద ఉండే గాస్కెట్ పోతుంది. డబ్బా మీద రాసిన పాళ్లలో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. వేడెక్కుతోందని ఇంజను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌ను పీకేసే మెకానిక్‌ల మాట వినకండి. ఇంజను చల్లగానే తిరిగి డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ లోపలి గోడ త్వరగా అరుగుతుంది. డీజిల్ ఫిల్టర్ అడుగు స్క్రూ వారానికోసారి, ఉదయం స్టార్ట్ చేయకముందే వదులు చేసి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా అందులో చేరిన నీళ్లు దింపాలి.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. మంచిదే. కానీ తుప్పు ఒక్క ఏడాదిలో చాలా దూరం పోతుంది. అందుకే అధికారులకు మా విన్నపం రెండు మాటల్లో. ఐసు ఫ్యాక్టరీలు, చేపల మార్కెట్ల దగ్గర బండి ఎక్కించి అడుగు కడుక్కునే ర్యాంపు, కాలువ నీటి కుళాయి ఏర్పాటు చేయండి. కడిగిన నీళ్లలో ఆయిల్, ఉప్పు ఉంటాయి కనుక అవి తిరిగి కాలువలో కలవకుండా పక్కన గుంత తప్పనిసరి. పరీక్షలో బండి తప్పితే ఏ భాగం, ఎందుకు తప్పిందో తెలుగులో రాసివ్వండి. ఆ కాగితం చూసి మెకానిక్ సరైన చోట చేయి పెడతాడు, యజమాని డబ్బు రంగులకు పోకుండా ఛాసిస్‌కు, బ్రేకులకు పోతుంది.

ఇట్లు,
ఒక మెకానిక్,
ఆకివీడు, పశ్చిమ గోదావరి జిల్లా