కొండ నీటికీ శుద్ధి కావాలి

సంపాదకులకు నమస్కారం.

కొండల నుంచి వచ్చే నీరు సహజంగానే స్వచ్ఛమని, అందులో రసాయనాలు కలిపి నగరాలు దాన్ని పాడుచేస్తున్నాయని అనేవారు చాలామంది ఉన్నారు. ఊళ్లూ ఫ్యాక్టరీలూ లేని అడవిలో పుట్టిన నీటిలో మురుగు కలిసే అవకాశం తక్కువన్నంతవరకు వారి మాట నిజమే. అయితే ఆ అడవిలో తిరిగే జంతువుల విసర్జన ద్వారా జియార్డియా, క్రిప్టోస్పోరిడియం వంటి పరాన్నజీవులు నీటిలో చేరతాయి. వీటిలో రెండోది తాగునీటికి వాడే మోతాదు క్లోరిన్‌కు దాదాపు లొంగదు. క్యాట్‌స్కిల్ కొండల నీటిని వడపోయకుండానే తెచ్చుకునే న్యూయార్క్, సియెర్రా నెవాడా మంచు నీటిని అలాగే వాడుకునే శాన్‌ఫ్రాన్సిస్కో క్లోరిన్‌తో సరిపెట్టుకోక అతినీలలోహిత కిరణాల కేంద్రాలు కట్టుకున్నది అందుకే. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్‌కైతే 2017లో క్రిప్టోస్పోరిడియం నీటిలో బయటపడ్డాక, దానికోసం శుద్ధి చేయనక్కర్లేదని అప్పటిదాకా ఉన్న మినహాయింపు పోయి శుద్ధి తప్పనిసరైంది; అందుకు ఆ నగరం వడపోత కేంద్రాన్ని ఎంచుకుంది. పెద్ద వానలకు నీరు బురదెక్కినప్పుడు మట్టి రేణువుల చాటున సూక్ష్మజీవులు క్లోరిన్‌ను, కిరణాలను తప్పించుకోగలవన్నది మరో చిక్కు.

ఇంతకన్నా తక్కువగా చర్చకు వచ్చే విషయం ఒకటుంది. గట్టి రాతి నేలల మీదుగా వేగంగా దిగివచ్చే నీటిలో ఖనిజ లవణాలు బాగా తక్కువ. తాగడానికి హాయిగా ఉండే ఆ నీరే సీసపు గొట్టాలను, పాత ఇత్తడి కుళాయిలను, సీసంతో వేసిన అతుకులను కొద్దికొద్దిగా తినేస్తుంది. కరిగిన సీసానికి రంగు, రుచి, వాసన ఉండవు. కాచినా అది పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. దీనికి విరుగుడుగా సున్నమో సోడానో కలిపి, ఆమ్లత్వం తగ్గేలా నీటి పీహెచ్ పెంచుతారు. కొన్నిచోట్ల గొట్టం లోపల సన్నని పొర కట్టేలా ఫాస్ఫేట్ కూడా కలుపుతారు. స్వచ్ఛతను చెడగొడుతున్నాయని మనం నిందించే రసాయనాల్లో ఇవీ ఉన్నాయి.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. నీటి సరఫరా శాఖలు తమ కరపత్రాలపై మంచుకొండ బొమ్మ వేసినంత శ్రద్ధగా ఇంటి కుళాయి దగ్గరి ఫలితాలను ప్రకటించవు. సీసం చేరేది శుద్ధి కేంద్రం దాటాకే కాబట్టి, అక్కడి పరీక్ష ఎంత బాగున్నా ఈ విషయంలో సరిపోదు. పాత ఇళ్లలో రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిని తెల్లవారి మొదటి ధార నుంచే పట్టి పరీక్షించాలని, ఆ అంకెలను వీధులవారీగా పౌరుల ముందు ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు