చేతికి గాయం ఉంటే లోపలికి వెళ్ళకు

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి చిన్నికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమం నువ్వే తెలపాలి. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చి పడుతోంది. ఆ బొమ్మని చూసి నువ్వు అన్నం తిన్నావో లేదో నాకెలా తెలుస్తుంది? అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఎండలు మండిపోతున్నాయి. సాయంత్రం ఆరైనా డాబా మీద కాలు పెట్టలేకపోతున్నాం. ఆవకాయ పెట్టేశాను, ఈసారి కాయ మంచి పులుపు, టెంక గట్టిగా ఉంది. వాసు పెళ్ళి ముహూర్తం మళ్ళీ వెనక్కి పోయింది. ఆ గొడవంతా మీ అత్తయ్య నోటితో వినాల్సిందే, రాస్తే తెమిలేది కాదు. మొన్న శంకర్‌విలాస్ సెంటర్లో శారద పిన్ని వాళ్ళ స్రవంతి కనపడి నీ గురించి ఒక మాట అంది. అది తరవాత రాస్తాను.

నువ్వు ఉగాదికి వచ్చి మంచం పక్కన వదిలేసి వెళ్ళిన పుస్తకం చదివాను. అదే, రిచర్డ్ ప్రెస్టన్ ఎబోలా వైరస్ మీద రాసిన 'ది హాట్ జోన్'. ఆఫ్రికా గుహలు, అమెరికాలో కోతుల గోదాము, సైన్యం వాళ్ళు వైరస్ సోకకుండా ఒళ్ళంతా కప్పే సూట్లు వేసుకుని వెళ్ళడం. ఇంగ్లీషైనా ఆగకుండా చదివించింది. నేను చదివాక మా ఆదివారం పుస్తకాల వాళ్ళందరి చేతులూ తిరిగింది. శేషు బాబాయి రాత్రి ఒంటిగంట దాకా చదివి, డిటెక్టివ్ నవల కూడా ఇంత పరిగెత్తించదు వదినా అన్నాడు. ఇదంతా నిజంగా జరిగిందని గుర్తొచ్చినప్పుడల్లా లేచి మంచినీళ్ళు తాగాడట. పద్మ రెండు రోజులు మాంసం వండలేదు. కింద వాటా తరుణ్, నీట్ రాసినవాడు, నేనూ అక్కలాగా వైరస్‌లే చదువుతాను ఆంటీ అని మెట్లెక్కి వచ్చి చెప్పాడు. వాళ్ళమ్మ నా వైపు ఎలా చూసిందో నువ్వు ఊహించుకోవచ్చు.

మాలో డాక్టరుగారికి మాత్రం ఆ పుస్తకం మీద నిజంగా కోపం వచ్చింది. ఎబోలా వస్తే మనిషి లోపల అవయవాలు కరిగి కారిపోతాయన్నట్టు రాయడం తప్పు అన్నారు. చాలామందికి పైకి రక్తం కనపడనే కనపడదట. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి, బీపీ పడిపోయి పోతారట. వేళకి సెలైన్ ఎక్కించి, లవణాలు చూసుకుంటూ ఉంటే బతికించవచ్చట. 2014 నుంచి 2016 దాకా పశ్చిమ ఆఫ్రికాలో 28 వేల మందికి పైగా ఆ జబ్బు పడితే 11 వేల మందికి పైగా పోయారు. మిగతా వాళ్ళు లేచి ఇళ్ళకి వెళ్ళారు కదమ్మా, ఈ పుస్తకం చదివినవాడికి వాళ్ళు కళ్ళ ముందుకొస్తారా అని ఆయన అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు దానికి టీకా కూడా ఉందట, 2019లో అనుమతి వచ్చిందని చెప్పారు. నేను రాసి పెట్టుకున్నాను. పద్మ ఇంకో మాట అంది. అమెరికా వాళ్ళయితే వాళ్ళ పిల్లలెవరు, రాత్రికి ఏం వండుకున్నారు అన్నీ ఉన్నాయి, ఆ ఊళ్ళలో పోయినవాళ్ళకి మాత్రం జ్వరం తప్ప ఇంకేమీ లేదేమిటి అంది. నాకా మాట బాగా పట్టుకుంది. 2021లో కోవిడ్‌తో పోయినవాళ్ళ అంకెలు పేపర్లో వేసేవాళ్ళు, అందులో మన పెదనాన్న కూడా ఒక అంకే కదా.

అందరూ కోతుల గురించీ గుహ గురించీ మాట్లాడుకున్నారు. నా మనసులో ఉండిపోయింది మాత్రం ఆ పుస్తకంలో నాన్సీ అనే ఆవిడ చెయ్యి. అమెరికా సైన్యంలో పశువుల డాక్టరు, ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లో వంట చేస్తూ డబ్బా మూత కత్తితో తియ్యబోయి అరచెయ్యి కోసుకుంది. ప్లాస్టరేసుకుని, ఆ చేతితోనే ఎబోలాతో చచ్చిన కోతిని కొయ్యడానికి వెళ్ళింది. పై గ్లౌజు చిరిగి కోతి రక్తం లోపలికి పోయింది. అడుగున గ్లౌజు చిరగలేదు కాబట్టి బతికింది. ఆ రెండు పేజీలూ నేను నిలబడే చదివాను. ఉగాదినాడు పచ్చడికి మామిడికాయ చెక్కు తీస్తూ నీ ఎడమచేతి బొటనవేలు కోసుకున్నావు. పసుపు అద్దుతానంటే వద్దన్నావు, టేప్ చుట్టుకుని మర్నాడే రైలెక్కావు. మానిందా? లోతుగానే తెగింది, గోరు పక్కన.

ఇంకో చోట, 1989లో, ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ గోదాము కోతుల శాంపిల్ ఉన్న సీసా మూత తీసి వాసన చూశారు, మామూలు బాక్టీరియా ఏమో, ద్రాక్ష వాసన వస్తుందేమో అని. తరవాత మైక్రోస్కోపులో చూస్తే దారాల్లాంటి వైరస్. అప్పుడు వాళ్ళేం చేశారు? వాసన చూసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. తమ రక్తం తామే పరీక్ష చేసుకుని ఊరుకున్నారు. వాళ్ళకేమీ కాలేదు, ఆ కోతులకి వచ్చిన రకం వైరస్ మనుషులకి జబ్బు చెయ్యలేదు. గోదాము పనివాళ్ళు నలుగురి రక్తంలో దాని జాడ కనపడినా ఒక్కరూ మంచాన పడలేదు. శేషు బాబాయికి అది పుస్తకం మొత్తంలో గొప్ప ఘట్టం. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అంత చదువుకున్నవాళ్ళు దాచిపెట్టడమేమిటి?

స్రవంతి అన్న మాట ఇదీ. పుణెలో నాలుగో లెవెల్ ల్యాబులో, అదే అన్నిటికంటే ప్రమాదమైన వైరస్‌ల మీద పని చేసే చోట, పని నేర్చుకోవడానికి నువ్వు పేరిచ్చావట, తీసుకున్నారు కూడానట. నిజమేనా? నేను వద్దనడానికి అడగడం లేదు. 2012లో తెరిచారనీ, కేరళలో ప్రాణాలు తీసే ఆ నీఫా వైరస్ అనుమానం వస్తే శాంపిళ్ళు అక్కడికి పంపుతారనీ నాకు తెలుసు. 1957లో షిమోగా అడవుల్లో కోతులు చచ్చి, మనుషులకి జ్వరాలు వచ్చినప్పుడు అదేమిటో కనిపెట్టింది కూడా పుణె వాళ్ళేనని డాక్టరుగారు చెప్పారు. ఎవరో ఒకరు చెయ్యాల్సిన పనే. 2018లో కేరళలోని పేరాంబ్రాలో లినీ అనే నర్సు ఆ నీఫా రోగులకి సేవ చేస్తూ పోయింది. ఆవిడకి సూటూ లేదు, గాలి గొట్టమూ లేదు, తన ముందున్నది ఏ జబ్బో కూడా తెలియదు. భర్తకి రాసిన చీటీ పేపర్లో వేస్తే చదివి నేనూ నాన్నగారూ చాలాసేపు మాట్లాడుకోలేదు. అందుకే తెలిసి, తొడుక్కుని, తలుపులు బిగించుకుని వెళ్ళేవాళ్ళని నేను ఆపను. కానీ ఆ సంగతి స్రవంతికి ముందు తెలిసి నాకు తరవాత తెలియడమేమిటి చిన్నీ?

సరే. ఆ పుస్తకంలో అందరూ గబగబా తిప్పేసిన పేజీలు కొన్ని ఉన్నాయి. 1976, ఆఫ్రికాలో జైర్ (ఇప్పటి కాంగో) దేశంలో యాంబుకు అనే పల్లె, బెల్జియం నన్‌ల ఆస్పత్రి. పొద్దున్నే ఐదు సిరంజీలు తీసి, రోజంతా వాటితోనే సూదులు. ఒకరికి వేసి, గోరువెచ్చని నీళ్ళలో జాడించి, ఇంకొకరికి. 318 మందికి ఎబోలా వస్తే 280 మంది పోయారు. సూదులు వేసిన నన్‌లు కూడా పోయారు. ఆస్పత్రి మూసేశాక గాని జబ్బు తగ్గుముఖం పట్టలేదు. అది చదువుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. తాతయ్య కాంపౌండర్ పని నువ్వు చూడలేదు, నువ్వు పుట్టేసరికే మానేశాడు.

1977 నవంబరు ఉప్పెన. దివిసీమ సంగతి లోకమంతా చెప్పుకుంటుంది గాని, ఇటు రేపల్లె వైపు మా ఊళ్ళో కూడా చెట్టన్నది నిలబడలేదు. బావులన్నీ ఉప్పునీళ్ళు, పశువుల శవాలు. కలరా వస్తుందని సూది మందు పంపించారు. ఊరంతా మా ఇంటి ముందు. ఉన్నవి గాజు సిరంజీలు, సూదులేమో మళ్ళీ మళ్ళీ నూరుకుని వాడేవి. మా నాన్న ఒక్కో విడతకీ ఒక జట్టు, అది అయిపోగానే అల్యూమినియం పెట్టెలో వేసి మరిగించడం. మధ్యాహ్నానికి స్టవ్‌లో కిరసనాయిలు అయిపోయింది. ఊళ్ళో చుక్క లేదు. కట్టెలన్నీ నానిపోయాయి, పొగ తప్ప మంట రాదు. మా నాన్న సిరంజీ కింద పెట్టి, ఇక వెయ్యను అన్నాడు. జనం ఊరుకుంటారా? పిల్లల్ని చంకనేసుకుని రెండు మైళ్ళు బురదలో నడిచి వచ్చినవాళ్ళు. ప్రెసిడెంటుగారు వచ్చి, వేడినీళ్ళలో ముంచి వేసెయ్యవయ్యా, ఇప్పుడు నీ శాస్త్రమేమిటి అని కేకలేశాడు. ఎవరో మా నాన్న చొక్కా పట్టుకున్నారు కూడా. ఆయన చెయ్యి విడిపించుకుని పెట్టె మూత పెట్టేశాడు గాని మాట మార్చలేదు.

అప్పుడు అమ్మమ్మ అటక ఎక్కింది. దాళవా వడ్లు ఉడకబెట్టడానికని దాచిన కొబ్బరి డొక్కలు, కప్పు ఎగిరిపోయినా అటక మూల పొడిగా మిగిలాయి. అవి కిందికి విసిరితే నేను ఏరి పొయ్యిలో పెట్టాను. మంట అంటుకుంది. ఇక ఎంతసేపు మరిగించాలి? గోడ గడియారం నీళ్ళు పోసుకుని ఆగిపోయింది. మా నాన్న పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టాడు. మొత్తం పూర్తయితే గాని పెట్టె దించడు. మొదటిసారి జనం గొణుగుతూ కూర్చున్నారు. రెండోసారి ముసలమ్మలు అందుకున్నారు. మూడోసారికి వరండా అంతా ఒకటే గొంతు. నడుమ ఒకాయన శ్లోకాలు దాటేస్తే మా నాన్న ఆపించి, వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ చదివించాడు. భక్తితో కాదమ్మా, రెండు నిమిషాలు తగ్గుతాయని. చీకటి పడ్డాక లాంతరు వెలుగులో కూడా వేశాడు. రాత్రి అన్నం దగ్గర ఆయన చేతివేళ్ళు మడతపడలేదు, అమ్మమ్మ ముద్దలు కలిపి పెట్టింది. ఆ చొక్కా పట్టుకున్నాయన పేరు మా నాన్న చచ్చిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు, నాకు తెలుసు గాని నేనూ రాయను.

ఇదంతా ఎందుకు రాశానంటే, సూట్లూ తలుపులూ గొప్పవే, వాటి గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. కానీ పని అయ్యేవేళకి చేతులు అలిసిపోతాయి. ఇంకొక్కటే కదా, ఈసారికి కానిద్దాం అనిపిస్తుంది. పక్కవాళ్ళు తొందరపెడతారు. అప్పుడు ఆపెయ్యి. పెద్ద ఆఫీసరు చెప్పినా సరే ఆపెయ్యి. గ్లౌజు ఏ మాత్రం చిరిగినట్టు అనుమానం వచ్చినా అక్కడికక్కడే గట్టిగా చెప్పు, సిగ్గుపడకు. వేలి ఉంగరం తీసేసి వెళ్ళు. గోళ్ళు వారానికొకసారి కత్తిరించుకో, నీకు చిన్నప్పటి నుంచి కొరికే అలవాటు. గోరు పక్క తోలు లేస్తే అది కూడా గాయమే. జలుబున్న రోజు, నిద్ర చాలని రోజు సెలవు పెట్టు. ఆ సూటులో గంటల తరబడి నీళ్ళు తాగకుండా ఎలా ఉంటావు? నెలసరి రోజుల్లో ఏం చేస్తారు? మగవాళ్ళు రాసిన నియమాల్లో అది ఉంటుందో లేదో, లేకపోతే నోరు తెరిచి అడుగు. పొద్దున్నే ఖాళీ కడుపుతో వెళ్ళకు, ఆ టీ బిస్కెట్లు టిఫిను కాదు. జుట్టు బిగించి జడ వేసుకో.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను. పోనీలే, ఇంత దూరం వచ్చాక మిగతాదీ రాస్తాను. ఏదైనా జరిగితే నాకు భయమేస్తుందని దాచకు. నేను కంగారు పడే మనిషినే, కానీ ఆ రోజు పొయ్యి ముందు కూర్చుని డొక్కలు ఎగదోసిన దాన్ని కూడా నేనే. నాకు చెప్తే ఆ వారం ఏం చెయ్యాలో అది చేస్తాను. చెప్పకపోతే రోజూ రాత్రి పూట అన్నీ నేనే ఊహించుకోవాలి, ఆ పుస్తకం చదివాక అది మరీ కష్టంగా ఉంది. ల్యాబులోకి వెళ్ళే రోజు పొద్దున ఒక మెసేజ్, బయటికి వచ్చాక ఒకటి. బొమ్మలు కాదు, మాటలు. "వచ్చాను" అంటే చాలు.

వాసు శుక్రవారం పుణె వస్తున్నాడు, ఆఫీసు పని మీద. రెండు కిలోల ఆవకాయ, కందిపొడి, గోంగూర వాడికిచ్చి పంపుతున్నాను. ఆవకాయ సీసాలో తడి గరిటె పెట్టకు. హాస్టల్లో అందరికీ పంచేసి నువ్వు ఖాళీ సీసా చూస్తూ కూర్చోకు. కందిపొడిలో నెయ్యి వేసుకో, నెయ్యి విడిగా కట్టాను. వాడు నీ ఎడమచెయ్యి చూసి ఫోటో తీసి నాకు పంపుతాడు, గొణగకుండా చూపించు.

నాన్నగారు పైకి, దాని చదువు దాని ఇష్టం అంటున్నారు. ఆ పుస్తకం ఇప్పుడు ఆయన దిండు కింద ఉంది. నిన్న రాత్రి లైటు తీసేశాక అడిగారు, సూటుకి తగిలించిన గాలి గొట్టం ఊడిపోతే లోపలి గాలి ఎన్ని నిమిషాలు సరిపోతుంది అని. నాకు తెలియదన్నాను. ఆయన పేరు మీద వేరే కాగితం మీద రాసి పంపు.

ఆశీస్సులతో,
అమ్మ