హాజరు పట్టీలో ఉన్న పాప, బడిలో లేని పాప

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నేను నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా బడికి ర్యాంపు ఉంది. వరండా అడుగున్నర ఎత్తు, ర్యాంపు ఆరడుగుల పొడవు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలంటారు, ఆ లెక్కన మాకు పద్దెనిమిది అడుగులు కావాలి. చక్రాల కుర్చీ దాని మీద ఎక్కదు. ఇంటర్వెల్‌లో పిల్లలు సిమెంటు సంచులు పరుచుకుని జారడానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. కట్టినవాళ్లు ఫోటో తీసుకుపోయారు, రికార్డులో ‘ర్యాంపు ఉంది’ అని పడింది.

దాని సంగతి అలా ఉంచండి. మా నాలుగో తరగతి పట్టీలో ఒక పాప పేరుంది. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టుతప్పే స్థితి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కూడా ఉంది. కాళ్లు నిలవవు, మాట కాస్త తడబడుతుంది కానీ పన్నెండో ఎక్కం దాకా ఎక్కడా ఆగదు. రెండో తరగతి వరకు వాళ్లమ్మ తండా నుంచి రెండు కిలోమీటర్లు సంకనెత్తుకుని తెచ్చి దించేది. ఇప్పుడు పాపకు తొమ్మిదేళ్లు, తల్లికి నడుం పోయింది. పైగా పత్తి ఏరే రోజుల్లో కూలి కిలోల లెక్కన. తెల్లారకముందే ఆటో వచ్చి కూలోళ్లను ఎక్కించుకుపోతుంది, పాపను దింపొచ్చేదాకా ఎవరాగుతారు?

అందుకని పోయినేడు పాపను ‘ఇంటి దగ్గర చదువు’ జాబితాలోకి మార్చారు. మంచం దిగలేని పిల్లల కోసం పెట్టిన ఏర్పాటది. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ పర్సన్ వారానికోసారి ఇంటికెళ్లి చెప్పాలి. ఆమెను తప్పుపట్టను, మండలమంతా ఆమె ఒక్కతే తిరగాలి, బస్సు దొరికిన రోజే వస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ ఉంటుందంటారు, అది మండల కేంద్రంలో. ఇంటి నుంచి బడికే రాలేని పిల్ల అక్కడికెలా పోతుంది సార్?

పంద్రాగస్టు నాడు వాళ్ల నాన్న బండి మీద తెచ్చాడు. ఐదో తరగతి పిల్లలు నలుగురు ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి వరండా ఎక్కించారు. మిఠాయి పంచి అందరూ వెళ్లిపోయాక కూడా పాప కుర్చీ చేతులు వదల్లేదు. ‘రేపు కూడా ఉంటది గదా బడి?’ అని నన్నే అడిగింది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలో ఉచిత చదువు హక్కన్నది. రవాణా సౌకర్యం కూడా అందులోనే ఉంది. ఎక్కువ సాయం కావాల్సిన పిల్లలకైతే తోడొచ్చే మనిషి ప్రయాణం కూడా. ప్రాథమిక బడిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మా మండలంలో ఆ లెక్క ఎంత దూరంలో ఉందో మీ శాఖ దగ్గరే ఉంటుంది.

వంకర కాళ్లు మా వైపు కొత్త కాదు. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన తరాలను మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లు చూశాయి. ఆ నీటిని శుద్ధిచేసే పద్ధతికే ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. నీళ్లకు ఉపాయం వెతికిన జిల్లాలో ఒక పిల్ల రెండు కిలోమీటర్ల దారికి ఉపాయం దొరక్కపోవడమే నాకు మింగుడుపడదు.

నేనడిగేది పెద్ద పనేమీ కాదు. ఏ పిల్లనైనా ఇంటి దగ్గర జాబితాలో రాసేముందు, ఒక ఏడాది పాటు బండి పెట్టి చూశామని కాగితం మీద చూపించాలని ఆదేశమివ్వండి. పిల్లను బడికి తోడు తీసుకొచ్చేందుకిచ్చే తోడు భత్యం ఏడాది చివర కాకుండా నెలనెలా తల్లి ఖాతాలో వేయించండి. ఆటోవాడు మార్చి దాకా అప్పు పెట్టడు.

వచ్చే ఏడు ఈ పాప ఐదులోకొస్తుంది. ఆ తర్వాత హైస్కూలు ఇంకా దూరం. జూన్‌లో బడి తెరిచేలోపు ఆటో సంగతి తేల్చండి, చాలు. ర్యాంపు మేం చూసుకుంటాం. మేస్త్రీ మా ఊళ్లోనే ఉన్నాడు, ఇసుక కూడా మాట్లాడి పెట్టాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ టీచర్, నల్లగొండ జిల్లా