నీ బోటు అడుగున ఉన్న వాల్వుల గురించి

ఒరేయ్ శ్రీనూ,

నీ 1979 కాటలినా 30 తెరచాప బోటు ఫొటోలు చూశాను. సింకు కింద, బోటు అడుగు రంధ్రాల్ని మూసి తెరిచే ఆ చక్రాల గేట్ వాల్వులు (చక్రం తిప్పితే లోపల పలక దిగి దారి మూసేవి) కనబడగానే రాయడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో ఆ బోట్లకి అవే వచ్చేవి. ఈ చలికాలం అన్నాపొలిస్‌లో బోటు ఒడ్డుకెక్కించినప్పుడు అన్నీ తీసెయ్. బానే తిరుగుతోంది కదా అని ఒక్కటి కూడా వదలకు.

అవి ఇత్తడివి. ఉప్పునీళ్లలో ఇత్తడిలోని జింకు మెల్లగా కరిగిపోయి గుల్లబారిన రాగి మిగులుతుంది. చెదపట్టిన దూలంలా పైకి నిండుగానే ఉంటుంది. గీకి చూడు, పసుపుకి బదులు గులాబి రంగు తేలితే దాని పని అయిపోయినట్టే. లోపల కాడ తెగితే చక్రం ఊరికే తిరుగుతుంది, గేటు మాత్రం కదలదు. నువ్వేమో మూశాననుకుంటావు. నీటిమట్టానికి రెండడుగుల కింద అంగుళమున్నర రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి దాదాపు 150 లీటర్లు లోపలికొస్తాయి. చిన్న బిల్జి పంపు (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది) దానికి ఏ మూలకీ చాలదు.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది పాత గేట్ వాల్వు విప్పి, అదే థ్రూ-హల్ (హల్ అంటే బోటు డొల్ల, దానిలోంచి బయటికి దూర్చిన గొట్టం) మీద హార్డ్‌వేర్ షాపు బాల్ వాల్వు బిగించి ఊరుకుంటారు. అది సగం పనే. థ్రూ-హల్‌కి ఉండేది తిన్నటి థ్రెడ్డు, బాల్ వాల్వుకి ఉండేది కొసకి సన్నబడే థ్రెడ్డు. ఈ రెండూ రెండు మూడు చుట్లు పట్టుకుని ఆగిపోతాయి. లోపల ఎవరైనా దానిమీద కాలేస్తే ఆ చుట్ల దగ్గరే విరుగుతుంది. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ హెచ్-27 ప్రమాణం ప్రకారం సీకాక్ (అడుగు రంధ్రం మీది వాల్వు అమరిక) లోపలి కొస మీద 500 పౌండ్ల బరువు 30 సెకండ్లు మోపినా తట్టుకోవాలి. అందుకని అడుగున వెడల్పు అంచున్న కంచు అడాప్టర్ కొను. దానికి కింద తిన్నటి థ్రెడ్డు, పైన సన్నబడే థ్రెడ్డు ఉంటాయి. రేపు వాల్వు పాడైనా పై భాగం ఒక్కటే మార్చుకోవచ్చు.

తీయడానికి లోపల్నుంచి కుస్తీ పట్టకు. హోస్ నిలువునా కోసెయ్, లాగితే ఫిట్టింగ్ కదిలి హల్ పగులుతుంది. తర్వాత బయట్నుంచి గ్రైండర్‌తో థ్రూ-హల్ టోపీని (బయటికి కనబడే అంచుని) అరగదీస్తే మిగతా కాడ లోపలికి తట్టినా వచ్చేస్తుంది. మాస్క్ తప్పనిసరి, అడుగు రంగులో రాగి ఉంటుంది. రంధ్రం పెద్దది చేయాల్సొస్తే, అందులో చెక్క బిరడా బిగించి హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే రంపం) మధ్య బిట్‌కి ఆనిక ఇవ్వు. కొలతల దగ్గర మోసపోకు: అంగుళం ఫిట్టింగ్ అంటే లోపలి దారి అంగుళం, థ్రెడ్డు బయటి కొలత 33.4 మి.మీ. వాడని రంధ్రాన్ని మూసేసేటప్పుడు 12కి 1 వాలు చెయ్. అంటే హల్ మందం 12 మి.మీ. అయితే చుట్టూ 144 మి.మీ. దాకా గీకి, గ్లాసు పొరలు ఎపాక్సీతో వేయాలి.

బ్యాకింగ్ బ్లాకుకి (హల్ లోపల అడాప్టర్ కింద ఆసరాగా పెట్టే దిమ్మకి) అర అంగుళం జి-10 (గ్లాసు, ఎపాక్సీ కలిపి చేసిన) పలక వాడు. ప్లైవుడ్ అయితే నీళ్లు పీలుస్తుంది. సిలికాన్ బ్రాంజ్ బోల్టుల తలలు పలక అడుగున కూరుకునేలా చేసి, అడాప్టర్ అంచు బిగించడానికి కాడలు పైకి తీసి, పలకని చిక్కటి ఎపాక్సీతో హల్ లోపలికి అతికించు. అలా చేస్తే హల్‌కి అదనపు రంధ్రాలు అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ బోల్టులు వద్దు, గాలాడని తడి సందుల్లో వాటిని తుప్పు తినేస్తుంది.

సీలెంట్ పెట్టకముందు అంతా ఓసారి పొడిగా బిగించు. థ్రూ-హల్ కాడ పొడుగై అడాప్టర్ లోపల అడుగుకి తగిలిందంటే టోపీ హల్‌ని నొక్కదు, కారుతుంది. హ్యాక్సాతో కొయ్యి, కొసకి కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంచు. సీలెంట్ సిలికాన్ కాదు, 3ఎమ్ 5200 కూడా కాదు. 5200ని మళ్లీ తీయాలంటే జెల్‌కోట్ (హల్ పైనున్న నునుపు పూత) ఊడొస్తుంది. 3ఎమ్ 4200 గానీ సికాఫ్లెక్స్ 291 గానీ చాలు. టోపీ కింద, థ్రెడ్డు నిండా రాసి, బయట్నుంచి స్టెప్ రెంచ్‌తో (థ్రూ-హల్ లోపలికి దూర్చి తిప్పే మెట్ల రెంచ్) బిగించు. చుట్టూ సమానంగా పొంగిరావాలి. పొంగింది మినరల్ స్పిరిట్స్‌తోనే తుడువు, ఆల్కహాల్ తగిలితే సీలెంట్ సరిగ్గా గట్టిపడదు. తెరిచిన ట్యూబు నిలవుండదు గనక అన్నీ ఒకేరోజు పెట్టుకో.

పైన వాల్వు బిగించాక, హోస్‌కి రెండేసి 316 స్టెయిన్‌లెస్ క్లాంపులు వేయి. రెండు పట్టేంత పొడుగు హోస్ బార్బ్‌కి (హోస్ తొడిగే గాడుల మూతికి) లేకపోతే రెండోది అంచు మీద నొక్కి హోస్‌ని కోస్తుంది, అప్పుడు ఒకటే మంచిది. ప్రతి వాల్వుకీ ఒక కొయ్య బిరడా తాడుతో కట్టి ఉంచు. హ్యాండిల్ హోస్ వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. నెలకోసారి తిప్పుతూ ఉండు.

నీళ్లలోకి దింపేటప్పుడు క్రేన్ పట్టీలు వదలనీయకుండా లోపలికెళ్లి ప్రతి ఫిట్టింగ్ చుట్టూ పొడి టిష్యూ పెట్టి చూడు. ముందు అన్నీ మూసి, తర్వాత ఒక్కొక్కటే తెరువు. తడి తగిలితే అక్కడికక్కడే బోటు పైకెత్తించు.

హల్ మందం, ఒక్కో హోస్ లోపలి కొలత రాసి పంపు. సామాను జాబితా నేను వేసి పంపిస్తాను.

నీ
రాఘవ