వినికిడి లేని పిల్లలకు మత్తు ఇచ్చే ముందు ఈసీజీలో క్యూటీ కొలవండి

సంపాదకులకు,

పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) ఆపరేషన్ చేస్తుండటం మాలాంటి కుటుంబాలకు ఎంతో ఆసరా. అయితే ఆ ఆపరేషన్‌కు పూర్తి మత్తు ఇచ్చే ముందు గుండె లయను ఎంత శ్రద్ధగా చూడాలో నాకు నా బిడ్డ వల్లే తెలిసింది.

మా పాప పరుగెత్తుతూ రెండుసార్లు స్పృహ తప్పి పడిపోతే ఫిట్స్ అనుకుని ఏడాదిపాటు మూర్ఛ మందులు వాడాం. ఆపరేషన్ కోసం ఈసీజీ తీసినచోట కాగితం మీద పెన్నుతో ‘నార్మల్’ అని రాసిచ్చారు. అదే గులాబీ గళ్ల కాగితం పైఅంచున, సవరించిన క్యూటీ 520 మిల్లీసెకన్లని యంత్రం అచ్చువేసింది. క్యూటీ అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం; గుండె వేగాన్ని బట్టి దాన్ని సవరిస్తారు. 460 దాటినా అనుమానించాల్సిన ఆ అంకె ఆపరేషన్ ముందురోజు మత్తు వైద్యురాలు చూసేదాకా ఎవరి కంటా పడలేదు.

పాపకున్నది జెర్వెల్, లాంగే-నీల్సన్ సిండ్రోమ్, అంటే పుట్టు చెవుడుతో పాటు క్యూటీ పెరిగి, గుండె లయ తప్పి స్పృహ పోయే జబ్బు. 1957లో నార్వేలోని ఒక కుటుంబంలో దీన్ని మొదట వర్ణించారు. ఆ ఇంట్లో చెవిటివారైన నలుగురు పిల్లల్లో ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది కనుక, మాలాగా మేనరికం చేసుకున్న ఇళ్లలో దీని గురించి తప్పక అడగాలి.

జబ్బు ఉందని ముందే తెలిస్తే మత్తు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. తెలియకపోతేనే ముప్పు. పిల్లలకు మామూలుగా వాడే మత్తు వాయువు సెవోఫ్లూరేన్, వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ రెండూ క్యూటీని పెంచేవే. రక్తంలో పొటాషియం తగ్గినా, బిడ్డ భయపడి ఏడ్చినా లయ తప్పవచ్చు. మా పాపకు ప్రొపోఫాల్‌తో మత్తిచ్చి, మెగ్నీషియం ఇంజెక్షన్ సిద్ధంగా ఉంచి, షాక్ ఇచ్చే ప్యాడ్లను ముందే ఛాతీకి అంటించారు. వాటి జిగురు రెండు రోజులు వదల్లేదు. పరగడుపున రమ్మన్నారు కదా అని ఆ ఉదయం వేయాల్సిన, గుండె లయ తప్పకుండా కాపాడే ప్రొప్రనలాల్ మాత్ర కూడా నేను మాన్పించబోయాను. గుక్కెడు నీళ్లతో వేయాల్సిందేనని మత్తు వైద్యురాలు ఫోన్ చేసి మరీ చెప్పారు. ఈ సంగతి తల్లిదండ్రులకు కాగితం మీద రాసివ్వాలి.

ఇంప్లాంట్ అనుమతికి పంపే ప్రతి ఫైలులోనూ సవరించిన క్యూటీ అంకె, దాన్ని స్వయంగా కొలిచిన వైద్యుని సంతకం ఉండాలనీ, బిడ్డ ఎప్పుడైనా స్పృహ తప్పిందా, ఇంట్లో చిన్నవయసు మరణాలున్నాయా అన్న రెండు ప్రశ్నలు చేర్చాలనీ వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి, కరీంనగర్