కాలీపూర్ తీరంలో కలిసిన పెద్దాయనకు

జనవరిలో ఉత్తర అండమాన్‌లోని కాలీపూర్ తీరంలో అర్ధరాత్రి మా ఆయన ఫోను లైటు వేయబోతుంటే, "బాబూ, లైటు వద్దు, తల్లి తాబేలు వెనక్కి వెళ్లిపోతుంది" అని తెలుగులో వారించిన పెద్దాయనకు మా ఇద్దరి నమస్కారాలు.

చౌక కదా అని పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్ దాకా ప్రభుత్వ బస్సులోనే వచ్చాం, నడుములు పడిపోయాయి. తాబేలు జాడ లేదని లేచిపోయేవాళ్లమే. మీరు కూర్చోబెట్టారు. చివరికి వచ్చిన ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేలు వెనక కాళ్లతో, చేత్తో తోడినట్టే, ఇసుక తోడింది. తెల్లటి గుడ్లు ఒక్కొక్కటే జారుతుంటే దాని కంట్లోంచి ఉప్పునీరు కారింది. అది ఏడుపు కాదని, ఒంట్లోని ఉప్పును అలా వదిలించుకుంటుందని మీరే చెప్పారు.

డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డారు. పేరైనా అడగలేదు, మా తెలివి అంత! మీ ఫ్లాస్కు మూత మా సంచిలోనే వచ్చేసింది.