పంపింగ్ తగ్గిందన్నారు సరే, నాడి ఎలా ఉందో చూశారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మన పత్రికల్లో గుండె గురించి ఎప్పుడు రాసినా స్టెంట్లు, బైపాస్, కొలెస్ట్రాల్ దగ్గరే ఆగిపోతున్నాం. చిన్న ఊళ్లో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్న నాకు రోజూ కనబడే ఇంకో బాధ గురించి రాస్తున్నాను, దయచేసి వేయండి.

"పంపింగ్ 30 శాతమే ఉందంటండీ, ఇక జీవితాంతం మందులే అన్నారు" అంటూ పేషెంట్లు ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు నా ముందు పెడతారు. పంపింగ్ అంటే గుండె తనలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత శాతం బయటికి నెడుతుందనేది. కాళ్ల వాపులు, రెండు మూడు దిండ్లు వేసుకుంటే గానీ పట్టని నిద్ర. చెయ్యి పట్టుకుని చూస్తే నాడికి ఒక వరస ఉండదు, స్టెతస్కోపు పెట్టి గుండె దగ్గర లెక్కపెట్టినన్ని దెబ్బలు మణికట్టు దగ్గర దొరకవు. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్). అంటే గుండె పై గదులు ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతున్నాయి. గుండె బలహీనపడితే లయ తప్పుతుంది, నిజమే. కానీ నెలల తరబడి లయ తప్పి వేగంగా కొట్టుకోవడం వల్లే పంపింగ్ పడిపోయినవాళ్లూ ఉన్నారు, లయ సరిచేస్తే వాళ్లలో చాలామంది గుండె బాగా తేరుకుంటుంది. నా ముందున్న పేషెంటు ఏ కోవలోకి వస్తాడో ఎవరూ చూడకుండానే ఫైలు మూసేస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

ఇలా లయ తప్పడానికి కాథెటర్ అబ్లేషన్ అనే చికిత్స ఉంది. ఛాతీ కోయరు, తొడ దగ్గర సిరలోంచి సన్నటి గొట్టం పంపి, ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరల మొదళ్ల చుట్టూ వేడితోనో చలితోనో మచ్చ చేస్తారు, లయను చెడగొట్టే తప్పుడు కరెంటు దాన్ని దాటి గుండెలోకి రాకుండా. ఆ కరెంటు ఎక్కువగా పుట్టేది ఆ సిరల్లోనేనని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు చూపించారు. 2018లో వచ్చిన కాజిల్-ఏఎఫ్ అధ్యయనంలో పంపింగ్ 35 శాతం, అంతకన్నా తక్కువ ఉన్న 363 మందిని మూడేళ్లకు పైగా గమనిస్తే, మందులు మాత్రమే వాడినవాళ్లలో 25 శాతం మంది చనిపోయారు, అబ్లేషన్ చేయించుకున్నవాళ్లలో 13.4 శాతం. 2023లో జర్మనీ నుంచి వచ్చిన ఇంకో అధ్యయనం గుండె మార్పిడి అవసరమా అని పరీక్షలకు వచ్చిన 194 మంది మీద చేసింది. అందులో చెరో 97 మంది ఉన్న రెండు గుంపుల్లో, మందులు మాత్రమే వాడిన గుంపులో 19 మంది చనిపోతే అబ్లేషన్ గుంపులో 6 మంది మాత్రమే.

అందరికీ పనిచేస్తుందని అనను. 2022 నాటి రాఫ్ట్-ఏఎఫ్ అధ్యయనంలో స్పష్టమైన తేడా రాలేదు. గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం లాంటి ప్రమాదాలు కొద్దిమందికైనా ఉంటాయి. మన దగ్గర చిన్నప్పటి కీళ్లవాతం జ్వరంతో వాల్వు పాడైనవాళ్లు చాలామంది, ఈ లెక్కలు వాళ్లకు వర్తించవు. అబ్లేషన్ అయిపోయింది కదా అని రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపేస్తే పక్షవాతం రావచ్చు, ఇది మాత్రం ఇంట్లోవాళ్లకు పదేపదే చెప్పాలి.

నేను కోరేది ఇంతే. పంపింగ్ తగ్గి, నాడి గతి తప్పిన ప్రతి పేషెంటునూ ఒక్కసారైనా గుండె లయ చూసే ఎలక్ట్రోఫిజియాలజిస్టు దగ్గరికి పంపాలి, అదీ త్వరగా, ఎందుకంటే ఏళ్లు గడిచి పై గదులు సాగిపోయాక ఫలితం తగ్గుతుంది. ఆ డాక్టర్లు పెద్ద నగరాల్లోనే ఉన్నారు కాబట్టి జిల్లా ఆస్పత్రుల నుంచి ఈసీజీ, ఎకో పంపి ముందే సలహా తీసుకునే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. డిశ్చార్జి సమ్మరీలో పంపింగ్ శాతం పక్కనే గుండె లయ ఏమిటో, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రాయమని తోటి డాక్టర్లను కూడా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక జనరల్ ఫిజీషియన్, కృష్ణా జిల్లా